ఒక్క మందుకు లొంగని నెలసరి నొప్పి

ఎండోమెట్రియోసిస్: చికిత్సలను జత చేసి వాడుకోవడం ఎలా?

"డాక్టరమ్మగారూ, మా అమ్మాయికి సంచి తీసేయండి. నెలనెలా దీని బాధ నేను చూడలేకపోతున్నాను."

ఓపీ గదిలో కూర్చోగానే ఆ తల్లి అన్న మొదటి మాట ఇది. పక్కనే కూతురు. వయసు 29. ఇద్దరు పిల్లలు. 23వ ఏటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. ఇంటి దగ్గరే మిషన్ కుట్టుకుంటూ సంసారానికి ఆసరాగా ఉంటోంది. నెలసరి వస్తే మూడు నాలుగు రోజులు మంచం దిగలేదు. ఈ మధ్య మామూలు రోజుల్లో కూడా పొత్తికడుపు లాగుతోంది. నెలసరి రోజుల్లో మలవిసర్జనకు వెళ్తే లోపల పొడిచినట్టు ఉంటోంది. భర్తతో కలిసినప్పుడు కూడా నొప్పి. ఈ చివరి మాట మాత్రం తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాక, గొంతు తగ్గించి చెప్పింది.

ఆమె తెచ్చిన ప్లాస్టిక్ కవరులో ఐదారు రకాల బిళ్ళల షీట్లు ఉన్నాయి. అన్నీ సగం సగం వాడినవే. వాటితో పాటు ఎవరో ఇచ్చిన చూర్ణం పొట్లం కూడా ఉంది. ఒకటి కొన్నాళ్ళు వాడటం, తగ్గలేదని మానేయడం, మరొకటి మొదలుపెట్టడం. ఆరేళ్ళుగా ఇదే వరస.

"ఏ మందూ నాకు పనిచేయలేదండీ" అంది.

నిజానికి ఆ మందుల్లో కొన్ని మంచివే. కాని ఈ జబ్బులో నొప్పి ఒక్క చోటు నుంచి రాదు. ఒక్కో మందు ఆ నొప్పిలో ఒక్కో భాగం మీదే పనిచేస్తుంది. కాబట్టి వాటిని ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోతే ఫలితం కనపడదు. ఒక పద్ధతి ప్రకారం జత చేసి వాడితే చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుంది. గర్భసంచి తీయించుకునే ముందు ప్రతి స్త్రీ తెలుసుకోవలసిన విషయం ఇది.

ఏమిటీ జబ్బు?

గర్భాశయం లోపల ఒక మెత్తని పొర ఉంటుంది. నెలనెలా రాలి బయటకు వచ్చేది ఆ పొరే. అలాంటి పొర గర్భాశయం బయట, అంటే అండాశయాల మీద, గర్భాశయం వెనుక, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడాన్నే ఎండోమెట్రియోసిస్ అంటారు. నెలసరి రక్తంలో కొంత గర్భనాళాల గుండా వెనక్కి, కడుపులోకి పోవడం ఇందుకు కారణం కావచ్చునని అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలోనే ప్రతిపాదించారు. అయితే వెనక్కి పోవడం చాలామంది స్త్రీలలో జరుగుతుంది, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. వంశంలో ఉండటం, శరీర రక్షణ శక్తిలో తేడాలు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి.

బయట పెరిగిన ఈ పొర కూడా హార్మోన్లకు స్పందిస్తుంది. కాని దాని రక్తం బయటకు పోయే దారి లేదు. అక్కడే వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, పక్క అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అండాశయంలో పాత రక్తం ముదురు గోధుమ రంగులో గడ్డగా నిలిస్తే దానినే చాక్లెట్ సిస్ట్ అంటారు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయినా జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. "నెలసరి అన్నాక నొప్పి ఉండదా?", "పెళ్ళయితే అదే పోతుందిలే", "ఒక కాన్పు అయితే తగ్గుతుంది" అని పెద్దలు చెప్పే మాటలే ఇందుకు కొంత కారణం. బడి మానేసేంత, పనికి పోలేనంత నొప్పి మామూలు నొప్పి కాదు. పెళ్ళి, కాన్పు ఈ జబ్బుకు మందు కావు.

ఇంకొక సంగతి. మామూలు స్కానింగ్‌లో ఏమీ కనపడనంత మాత్రాన జబ్బు లేదని కాదు. చిన్న చిన్న మచ్చలు స్కానింగ్‌కు అందవు. వెనుకటి రోజుల్లో లాప్రోస్కోపీ చేసి కంటితో చూస్తేగాని జబ్బును నిర్ధారించేవారు కాదు. 2022లో వచ్చిన ఐరోపా వైద్య మార్గదర్శకాల ప్రకారం అంతవరకు ఆగనక్కరలేదు. లక్షణాలు, పరీక్ష, స్కానింగ్ చూసి చికిత్స మొదలుపెట్టవచ్చు. మన ప్రాంతంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. గర్భాశయానికి, గర్భనాళాలకు వచ్చే క్షయ కూడా పొత్తికడుపు నొప్పి, సంతానలేమి కలిగిస్తుంది. అనుమానం ఉంటే డాక్టరు ఆ పరీక్షలు కూడా చేయిస్తారు.

నొప్పికి నాలుగు మూలాలు

చికిత్సలను ఎందుకు కలపాలో తెలియాలంటే నొప్పి ఎక్కడెక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

1. వాపు: నెలసరి సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువగా తయారై గర్భాశయాన్ని గట్టిగా పిండుతాయి. వాపును పెంచుతాయి.

2. హార్మోన్లు: ఈస్ట్రోజన్ ఈ పొరకు ఎరువు వంటిది. అది అందినంత కాలం పొర పెరుగుతూనే ఉంటుంది.

3. మచ్చలు, అతుకులు, గడ్డలు: అవయవాలు అతుక్కుపోయినప్పుడు కదిలినా, కలయికలోనూ, మలవిసర్జనలోనూ నొప్పి పుడుతుంది.

4. కండరాలు, నరాలు: ఏళ్ళ తరబడి నొప్పి పడితే కటి భాగంలోని కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. నరాలు, మెదడు కూడా నొప్పికి అలవాటుపడి చిన్న తాకిడికే పెద్దగా స్పందిస్తాయి. జబ్బు కొంచెమే ఉన్నా నొప్పి విపరీతంగా ఉండటానికి, గడ్డ తీసేసినా నొప్పి మిగలడానికి ఇదొక కారణం.

ఇప్పుడు చూడండి. నొప్పి బిళ్ళ మొదటి మూలం మీద పనిచేస్తుంది. హార్మోన్ మందు రెండోదాని మీద, ఆపరేషన్ మూడోదాని మీద పనిచేస్తాయి. నాలుగోదానికి వ్యాయామ చికిత్స, నరాల మందు, మనసుకు ఊరట కావాలి. ఒక్కదానితోనే అన్నీ పోవాలంటే ఎలా పోతాయి?

నొప్పి బిళ్ళలు: వేళకు వేసుకుంటేనే

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి. తయారైపోయాక వేసుకుంటే లాభం తక్కువ. కాబట్టి నొప్పి ముదిరేదాకా ఓర్చుకోకుండా, మొదలవుతున్నట్టు తెలియగానే, అన్నం తిన్నాక, డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వేళ ప్రకారం వేసుకోవాలి.

ఇక్కడ కలపకూడని జత ఒకటి ఉంది. ఈ జాతి బిళ్ళలు రెండు రకాలు ఒకేసారి వాడకూడదు. పేర్లు వేరైనా పని ఒక్కటే. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చాలకపోతే పారాసెటమాల్ కలుపుకోవచ్చు, అది వేరే జాతి. అల్సరు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా వీటిని వాడరాదు. మెఫెనమిక్ యాసిడ్ వాడినవారిలో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివరలో హెచ్చరించింది. మందు వాడిన తరువాత కొన్ని వారాలలోపు జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, మెడలో బిళ్ళలు కడితే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

హార్మోన్ మందులు: పునాది వంటివి

"నాకు ఆపరేషన్ అయిపోయింది కదండీ, పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్ళలు నాకెందుకు?" అని ఆ అమ్మాయి కూడా అడిగింది. రెండేళ్ళ క్రితం ఒక డాక్టరు రాసిన హార్మోన్ బిళ్ళలను ఆమె మానేసింది అందుకే. ఇక్కడ ఆ మందు పని గర్భం ఆపడం కాదు. పొరకు అందే ఎరువును తగ్గించి నెలసరిని నెమ్మదింపజేయడం.

వీటిలో రకాలున్నాయి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిసిన బిళ్ళలను విరామం లేకుండా వాడితే నెలసరులే తగ్గుతాయి. డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకొకటి వాడతారు. నోరెథిస్టిరాన్ బిళ్ళలు, మూడు నెలలకొకసారి వేసే ప్రొజెస్టిన్ ఇంజెక్షన్, గర్భాశయంలో అమర్చి కొన్నేళ్ళపాటు ఉంచే హార్మోన్ లూప్ మిగతావి. ఎవరికి ఏది సరిపోతుందో వయసు, బి.పి., ఇతర జబ్బులను బట్టి నిర్ణయిస్తారు. బి.పి. ఎక్కువగా ఉన్నవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చినవారికి, కళ్ళ ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వచ్చేవారికి ఈస్ట్రోజన్ ఉన్న బిళ్ళలు మంచివి కావు.

మొదటి రెండు మూడు నెలలు మరకలు కనపడటం మామూలే. చాలామంది ఇక్కడే భయపడి మానేస్తారు. దయచేసి మానకండి, వచ్చి అడగండి. అలాగే దిగులు, చిరాకు ఎక్కువైనా చెప్పండి, మందు మార్చవచ్చు.

క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ లేక కార్బమజెపిన్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. అవి చాలా హార్మోన్ బిళ్ళల బలాన్ని తగ్గిస్తాయి.

వీటికి లొంగకపోతే అండాశయాల పనిని కొంతకాలం నిలిపివేసే జి.ఎన్.ఆర్.హెచ్. మందులున్నాయి. ఈస్ట్రోజన్ బాగా పడిపోవడంతో ఒళ్ళు ఆవిర్లు రావడం, ఎముకలు పలచబడటం జరుగుతుంది. అందుకని తీసేసిన హార్మోన్‌నే కొద్ది మోతాదులో తిరిగి ఇస్తారు. పొర పెరగడానికి చాలదు, ఎముకలకు మాత్రం సరిపోతుంది. ఈ రెండు పనులనూ ఒకే బిళ్ళలో చేర్చిన రెలుగోలిక్స్ మిశ్రమానికి ఎండోమెట్రియోసిస్ నొప్పి కోసం 2022లో అమెరికాలో అనుమతి లభించింది.

ఆపరేషన్ తరువాత కూడా

లాప్రోస్కోపీ ద్వారా మచ్చలను, గడ్డలను తీసి, అతుకులను విడదీస్తే చాలామందికి నొప్పి తగ్గుతుంది. కాని జబ్బు మళ్ళీ వచ్చే స్వభావం గలది. "ఆపరేషన్ అయింది కదా, ఇంక బిళ్ళలెందుకు?" అన్న ఆలోచనతోనే ఎక్కువమంది నష్టపోతున్నారు. వెంటనే పిల్లలు కావాలనుకోని వారు ఆపరేషన్ తరువాత హార్మోన్ మందు కొనసాగించడం మేలు.

ఏ హార్మోన్ మందు అయితే మంచిది? బ్రిటన్‌లో ఆపరేషన్ అయిన 405 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కొందరికి మామూలు మిశ్రమ బిళ్ళలు, కొందరికి ఇంజెక్షన్ లేదా హార్మోన్ లూప్ ఇచ్చారు. మూడేళ్ళ తరువాత చూస్తే రెండు వర్గాలలోనూ నొప్పి ఆపరేషన్‌కు ముందుకంటే సుమారు 40 శాతం తగ్గింది. రెండింటికీ పెద్ద తేడా లేదు. అంటే ఖరీదైనది ఏది అని వెదకడం కంటే, మీకు సరిపడినది మానకుండా వాడటం ముఖ్యం.

చాక్లెట్ సిస్ట్‌ను పదే పదే ఆపరేషన్ చేయించుకోవడం మంచిది కాదు. ప్రతిసారీ అండాశయంలోని మంచి భాగం కూడా కొంత పోతుంది. పిల్లలు కావలసినవారు ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

కండరాలకు, నరాలకు, మనసుకు

ఇవి మందుల షాపులో దొరకవు గనుక చిన్నచూపు చూస్తాం. వేడినీళ్ళ సంచి పొత్తికడుపు మీద పెట్టుకుంటే కండరాలు సడలుతాయి. బట్ట చుట్టి పెట్టుకోండి, చర్మం కాలనీయకండి. టెన్స్ అనే చిన్న బ్యాటరీ యంత్రం చర్మం మీద సన్నని విద్యుత్ తరంగాలు పంపి నొప్పి సంకేతాలను మళ్ళిస్తుంది. దీనితో కొందరికి నెలసరి నొప్పి తగ్గుతుంది.

ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాల వ్యాయామాలు నేర్చుకోవాలి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. కాన్పు తరువాత చెప్పే బిగించే వ్యాయామాలను ఈ నొప్పికి కూడా చేస్తుంటారు. వీరి కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. వీరు నేర్చుకోవలసింది వదులు చేయడం. నెమ్మదిగా కడుపు నిండా ఊపిరి పీల్చి వదలడం, మోకాళ్ళు ఛాతీ వైపు తెచ్చుకోవడం వంటివి అందుకు పనికివస్తాయి.

నరాలు బాగా సున్నితమైపోయిన కొందరికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో ఇస్తారు. అది చూసి "నాకేమైనా పిచ్చా?" అని నొచ్చుకోకండి. అంత చిన్న మోతాదులో అది నరాల నొప్పికి, నిద్రకు పనిచేస్తుంది. అయితే ప్రతి నరాల మందూ అందరికీ కాదు. కారణం కనపడని పొత్తికడుపు నొప్పి ఉన్న 306 మంది స్త్రీలకు గాబాపెంటిన్ ఇచ్చి చూసిన పరిశోధన 2020లో వెలువడింది. ఉత్తుత్తి బిళ్ళ కంటే అది ఎక్కువేమీ తగ్గించలేదు, మగత, తల తిరుగుడు మాత్రం పెంచింది.

పీచు గల కూరలు, పండ్లు, తగినన్ని నీళ్ళు తీసుకుంటే మలబద్ధకం పోయి నొప్పిలో ఒక భాగం తగ్గుతుంది. రక్తస్రావం ఎక్కువగా ఉంటే రక్తహీనతను సరిచేయాలి. ఈ జబ్బును నయం చేసే ప్రత్యేక ఆహారమంటూ ఏదీ రుజువు కాలేదు. ఆయుర్వేదం, హోమియో, నాటు మందు ఏది వాడుతున్నా దాచకండి. తిడతారని భయపడి దాస్తే నష్టపోయేది మీరే.

గర్భసంచి తీయిస్తే పోదా?

మన రాష్ట్రాలలో ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. తెలంగాణలో నూటికి సుమారు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. "పిల్లలు పుట్టారు, ఇక సంచితో పనేముంది?" అనే మాట మన ఇళ్ళలో అంత తేలికైపోయింది.

ఎండోమెట్రియోసిస్ ఉండేది గర్భాశయం బయట. సంచి తీసి, బయటి మచ్చలను వదిలేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే 30 ఏళ్ళకే ముట్లుడిగిపోయి, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు ముందే వచ్చే ప్రమాదం ఉంది. పిల్లలు చాలనుకుని, మిగతా చికిత్సలన్నీ సరిగా వాడినా తగ్గనివారికి, గర్భాశయం గోడలోనే జబ్బు ఉన్నవారికి ఈ ఆపరేషన్ మేలు చేయవచ్చు. అప్పుడు కూడా బయటి మచ్చలన్నింటినీ తీయాలి. అది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

జత కట్టడం ఇలా

చదువుకునే పెళ్ళికాని అమ్మాయికి: వేళకు నొప్పి బిళ్ళ, హార్మోన్ బిళ్ళ, వేడి కాపడం, వ్యాయామం. హార్మోన్ బిళ్ళల వల్ల ముందు ముందు పిల్లలు పుట్టరనేది అపోహ.

పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు: హార్మోన్ బిళ్ళలు ఇక్కడ పనికిరావు, అవి గర్భాన్ని ఆపుతాయి. నొప్పికి డాక్టరు చెప్పిన మందు, ఫిజియోథెరపీ, అవసరాన్ని బట్టి లాప్రోస్కోపీ లేదా సంతాన చికిత్స. వయసు మీద పడకముందే రావాలి.

పిల్లలు చాలనుకున్నవారికి: దీర్ఘకాలం వాడే హార్మోన్ మందు పునాదిగా, దాని మీద మిగతావి.

ఏ జత అయినా కనీసం మూడు నెలలు చూడాలి. రోజూ రాత్రి ఒక నోటుపుస్తకంలో నొప్పికి 0 నుంచి 10 లోపు మార్కు వేయండి. వాడిన మందు, నిద్ర, మానేసిన పని కూడా రాయండి. దేనివల్ల తగ్గిందో, ఏది మానేయవచ్చో ఆ పుస్తకమే చెబుతుంది.

మొదట చెప్పిన అమ్మాయికి ఎడమ అండాశయంలో 3 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది. ఆపరేషన్ తొందరేమీ లేదని చెప్పి డైనోజెస్ట్ మొదలుపెట్టాం. నొప్పి బిళ్ళ ఒక్క రకానికే పరిమితం చేశాం. వారానికొకసారి ఫిజియోథెరపీకి రమ్మన్నాం. మలబద్ధకానికి మందు ఇచ్చాం. మిషన్ మీద అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమన్నాం. భర్తను కూడా పిలిచి, ఆమె కలయికకు ఎందుకు వెనకాడుతోందో వివరించాం. అతను చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. "నామీద ఇష్టం లేదేమో అనుకున్నానండీ" అన్నాడు.

రెండో నెలలో మరకలు చూసి భయపడి బిళ్ళ మానబోయింది. మా సిస్టరు ధైర్యం చెప్పి ఆపింది. మూడో నెలలో తెచ్చిన నోటుపుస్తకంలో 8, 9 ఉండే చోట 4, 3 ఉన్నాయి. నొప్పి పూర్తిగా పోలేదు. కాని మంచం పట్టిన రోజు ఆ నెలలో ఒక్కటీ లేదు. పండుగకు ఒప్పుకున్న జాకెట్లన్నీ వేళకు కుట్టి ఇచ్చిందట. సంచి మాట తల్లి మళ్ళీ ఎత్తలేదు.

గుర్తుంచుకోండి

* పనికి, బడికి పోనివ్వని నెలసరి నొప్పి మామూలు నొప్పి కాదు.
* ఒక మందు మొదలుపెట్టామని మరొకటి సొంతంగా మానకండి.
* రెండు రకాల నొప్పి బిళ్ళలు కలిపి వేసుకోకండి.
* ఆపరేషన్ తరువాత కూడా డాక్టరు చెప్పినంతకాలం హార్మోన్ మందు వాడండి.
* గర్భసంచి తీయించుకోమంటే "బయటి మచ్చల సంగతేమిటి? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోండి.
* ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు, జ్వరం, కళ్ళు తిరిగి పడిపోవడం, లేదా నెల తప్పి నొప్పి రావడం జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.